హైమవతమ్మ పురిటి పొట్లాలు

హైమవతమ్మ వస్తోందంటే బరంపురంలో ఆఫీసు గుమస్తాలు పక్కసందు పట్టేవారు. అలాంటి నోరు ఆవిడది. గంజాం జిల్లా ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. భర్త వేంకటరమణమూర్తిగారు బడిపంతులు, నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. మాతృసేవా సంఘానికి కార్యదర్శి అయ్యాక ఆ నోటికి తగిన పని దొరికింది.

ఆ పని ఎందుకు నెత్తికెత్తుకుందో చెప్పాలి. ఆవిడ తొలిచూలు బిడ్డ ఎనిమిదో రోజున పాలు తాగడం మానేశాడు. దవడలు బిగుసుకుపోయాయి. మర్నాటికి పోయాడు. గాలి సోకిందన్నారు. ఎన్నేళ్లకో ఒక నర్సు చెప్పింది, గాలీ లేదు ధూళీ లేదు, బొడ్డు కోసిన కత్తి మురికిదని. మురికిది కాక మరేమవుతుంది? పురిటిగదిలోకి వెళ్లిందేదైనా మైలపడినట్టే, పారేయాల్సిందే. అందుకని ఏ ఇంట్లోనైనా అక్కడికిచ్చేది చిరుగుచాప, పాతగుడ్డ, తుప్పుకత్తి. బ్రాహ్మలింట్లోనూ అంతే, చేపలు పట్టేవాళ్లింట్లోనూ అంతే. కన్నతల్లికి ఇంట్లో ఎందుకూ పనికిరానిదే దక్కుతుందన్నమాట! అది తలుచుకుంటే హైమవతమ్మకు ఒళ్లు మండిపోయేది.

అందుకే పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. బట్టలకొట్టు శ్యామసుందర్‌గారి భార్య భారతీదేవి కొత్తగుడ్డ ఇచ్చింది. దాన్ని ఉడికించి, ఆరబెట్టి, అందులో కొత్త బ్లేడు, ఉడికించిన దారం పెట్టి కట్టేవారు. సముద్రం ఒడ్డున ఆర్యపల్లి నుంచి సోనేపూర్ దాకా నెలలు నిండిన ప్రతి ఇంటికీ ఏడాదిపాటు పంచింది. ఎలా వాడాలో గొంతు పోయేలా చెప్పింది. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా.

రెండో ఏడు సోనేపూర్ వెళ్లినప్పుడు, మిట్టమధ్యాహ్నం, మంత్రసాని దేముడమ్మ గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇంటి వెనక తాటాకు గదిలోంచి మూలుగు వినబడింది. దేముడమ్మ కోడలు బుల్లమ్మ నొప్పులు పడుతోంది. ఇది మూడో కాన్పు. మొదటివాడూ, నిరుడు పుట్టిన రెండోవాడూ వారం తిరక్కుండానే పోయారు. ఇదీ పోతే మగడు మరోదాన్ని తెచ్చుకుంటాడని ఊరంతా అనుకుంటున్నారు.

"నిరుడిచ్చిన పొట్లం వాడారా?" అంది హైమవతమ్మ.

దేముడమ్మ గోడవైపు చూపించింది. దేవుడి మూల, మేకుకు వేలాడుతోంది పొట్లం. కట్టు విప్పలేదు. పసుపు రాసి, కుంకంబొట్టు పెట్టి ఉంది.

"విప్పలేదేమే!"

"ఎలా ఇప్పుతామమ్మా? తమరు సెయ్యి తగలకుండా పైనుంచి ఏసినారు కదా. పెసాదం అనుకున్నాం. దేముడి సొత్తు మైలగదిలోకి తెత్తే కళ్లు పోవా?"

హైమవతమ్మ తన చేతులకేసి చూసుకుంది. నిజమే. వాళ్ల చెయ్యి తాకితే ఇంటికెళ్లి మళ్లీ తలస్నానం చెయ్యాలని, ప్రతి పొట్లమూ జానెడు ఎత్తునుంచి దోసిట్లో పడేసింది. చెప్పిన మాటలేవీ వాళ్ల చెవికెక్కలేదు, ఆ చెయ్యి మాత్రం కంటికి ఆనింది. పాపిష్టిదాన్ని, అనుకుంది. ఏడుపొచ్చింది గానీ ఏడ్చే వ్యవధి ఎక్కడిది!

పొట్లం లాగి పట్టుకుని తాటాకు గదివైపు నడిచింది. దేముడమ్మ గుండెలు బాదుకుంటూ అడ్డం వచ్చింది.

"అమ్మా, రాకండి! మైల!"

"ఆ మైలేదో నా మొహాన పడనీ. నువ్వు ముందు నీళ్లు మరిగించు."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ పరాయివాళ్ల పురిటిగదిలో కాలు పెట్టడం అదే మొదలు. బుల్లమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. ఆవిడకు తెలిసిందంతా పుస్తకంలోదే, బిడ్డను తీసింది మాత్రం దేముడమ్మే. అంత ఒడుపైన చేతులు హైమవతమ్మ ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. హైమవతమ్మ బ్లేడు మరగబెట్టి, దారం రెండుచోట్ల కట్టి, పొట్లం పైనుంచి పడేసిన అదే చేత్తో బొడ్డు కోసింది. ఆడపిల్ల, కేరుమంది.

ఇంటికెళితే అత్తగారు బాలాంబ పెరట్లోనే ఆపేసి పది బిందెల నీళ్లు గుమ్మరించింది, సాధింపు వేరే. హైమవతమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అత్తగారికే భయమేసింది. హైమవతమ్మ మనసంతా సోనేపూర్‌లో ఉంది. వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంటూ అన్నం సరిగ్గా తినలేదు.

తొమ్మిదో రోజున బండి దిగి గబగబా వెళ్లింది. బుల్లమ్మ గోడకు చేరగిలబడి ఉంది. పిల్ల చప్పరిస్తూ పాలు తాగుతోంది. హైమవతమ్మ ఆ మట్టినేల మీదే కూలబడి పిల్ల పాదం పట్టుకుంది. ఎవరేమనుకున్నా సరేనని ఏడ్చేసింది.

బుల్లమ్మ అడిగింది, "అమ్మా, నిరుడే ఆ పొట్లం ఇప్పుంటే ఆడు బతికేవోడా?"

అంత నోరున్న మనిషికి ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడం తేలిక. దేవుడి రాత అనేస్తే సరిపోతుంది.

"బతికేవాడేనమ్మా," అంది హైమవతమ్మ. "తప్పు నాది."

బుల్లమ్మ కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. పిల్లను రెండో రొమ్ముకు మార్చుకుంది.

"మా సెల్లి ఆర్యపల్లిలో ఉందమ్మా," అంది చివరికి. "దానికి నెలలు నిండినాయి. ఆళ్లింట్లోనూ పొట్లం గోడకే ఏలాడతంది. నా కాడ కూకుండిపోయినావేటి? బేగెల్లమ్మా."