మొక్కు జుట్టు అని ఒక్క మాట

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోనులో జపాను బొమ్మల సీరియల్ చూస్తూ, పక్కన బియ్యం ఏరుకుంటున్న నన్ను కూడా అందులోకి లాగింది. చారెడేసి కళ్ల పిల్ల ఒకతి. లోకమంతా ఆమెను అబ్బాయి అంటుంది. తాను ఆడపిల్లనని ఆమెకు తెలుసు. మొదట్లో బడిలో హాజరు పిలిస్తే నోరు పెగలదు. తర్వాత స్నేహితురాలికి చెబుతుంది, అమ్మకు చెబుతుంది, చివరికి తాను పెట్టుకున్న పేరు పిలిస్తే లేచి నిలబడి గట్టిగా పలుకుతుంది. "చూసినవా అమ్మా, ఎట్లుండె, ఎట్లయింది!" అని మా అమ్మాయి మురిసిపోయింది. నా కళ్లు మాత్రం ఆ పిల్ల అక్క మీదే ఉన్నాయి. ఆ అక్క పెద్దగా ఏమీ చేయదు, పక్కన నిలబడుతుందంతే. ఆపాటి పని నా వల్ల ఎందుకు కాలేదా అనుకుంటూ రాళ్లు చేటలో ఉంచి మంచి గింజలు పారేశాను.

గోదావరిఖనిలో మాది రెండు గదుల కంపెనీ క్వార్టరు. బాపు బొగ్గుబాయిలో దిగేవాడు. అమ్మ తొందరగా పోయింది కాబట్టి నా వెనక పుట్టిన బిడ్డ తల దువ్వడం నా వంతు. అందరూ నా తమ్ముడనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. ఇప్పుడు ఈ కాగితం మీదైనా చెల్లెలు అని రాయనివ్వండి. బతుకమ్మ పేర్చడంలో మా క్వార్టర్ల వరసలో ఆమెను మించినవాళ్లు లేరు. తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి, ఎక్కడా వంకర ఉండేది కాదు. ఆడవాళ్లంతా ఆమెతో పేర్పించుకుని, ఆట మొదలయ్యే వేళకు "ఇగ నువ్వు పో బిడ్డా, ఆడోళ్లు ఆడాలె" అని పంపేసేవారు. పదహారో ఏట నాకొక్కదానికే తన సంగతి చెప్పింది. నేను నవ్వలేదు, తిట్టలేదు. "బాపు ముందట అనకు" అన్నాను. అదే పెద్ద అండ అనుకున్నాను అప్పుడు. తర్వాత ఆమె జుట్టు పెంచింది. నవ్వేవాళ్లు నవ్వారు, బాపు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రోజూ సాయంత్రం గడప దగ్గర నా ముందు వీపు చేసి కూర్చుని తల నాకు అప్పగించేది. లోకంలోని కబుర్లన్నీ అప్పుడే చెప్పేది.

బాపుకు ఊపిరి సరిగా ఆడకపోవడంతో, ఇక డ్యూటీకి పనికిరాడని కంపెనీ డాక్టర్లు రాసేశారు. అలాంటప్పుడు ఉద్యోగం కొడుక్కి వచ్చేది. అది రాకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. చెల్లెలు ఒప్పుకుంది. "బాయిల దిగుత బాపు. జుట్టొక్కటి అడగకు" అంది. కానీ మా కాలనీలో ఉద్యోగానికి ముందు చేసే వైద్య పరీక్ష గురించి పుట్టని పుకారు లేదు. బరువు తూగడానికి డజను అరటిపండ్లు తిని వెళ్లి, అక్కడే కక్కినవాళ్లున్నారు. జుట్టు పెరిగి ఉంటే అన్‌ఫిట్ రాస్తారని ఎవరో బాపు చెవిన వేశారు. బాపు నన్ను పిలిచి, "నువ్వంటె నమ్ముతడు. నువ్వే కానియ్యి" అన్నాడు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం ఎప్పటిలాగే నూనె గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. కత్తెర తువ్వాల కింద దాచాను. నూనె రాసి, చిక్కు తీసి, జడ అల్లేదానిలా పట్టుకుని మెడ దగ్గర కోసేశాను. ఆమె మెడ తడుముకుని, "అయిపాయెనా అక్కా?" అని అడిగింది.

మర్నాడు దవాఖానలో మా ముందు నిల్చున్న కుర్రాడికి నెత్తి మీద ఇంత ముడి ఉంది. "ఏందయ్యా ఈ జుట్టు?" అని డాక్టరు అడిగాడు. "రాజన్న మొక్కు సారూ, వేములవాడ గుడిల తలనీలాలు ఇయ్యాలె" అన్నాడతను. డాక్టరు తలూపి సంతకం చేశాడు. చెల్లెలు ఆ ముడి వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. మా ఇంట్లో మొక్కులకు కరువా? కోడి తప్పిపోయినా ఒక మొక్కు మొక్కేవాళ్లం. ఆ ఒక్క మాట ఆమె కోసం నాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా నిజం కాదు. ఇంకో దారి ఉందేమోనని నేను వెతకనే లేదు. నాకు క్వార్టరు పోతుందన్న భయమే పెద్దదైపోయింది.

బాపు ఉన్నన్నాళ్లూ ఆమె బాయిలో దిగింది. ఆయన పోయాక రాజీనామా ఇచ్చి, తనలాంటి వాళ్ల దగ్గరికి హైదరాబాదు వెళ్లిపోయింది. రాష్ట్రం వచ్చిన యేడు, ఊరంతా గులాల్ చల్లుకుంటున్న రోజున, చీరలో, నడుము దాటిన జడతో మా ఇంటికి వచ్చింది. "రా చెల్లె" అన్నాను, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఇద్దరం ఏడ్చాం. మా అమ్మాయిని చంకన వేసుకుని ఇల్లంతా తిరిగింది. అన్నాలయ్యాక నేను నూనె, దువ్వెన తెచ్చుకుని కూర్చున్నాను. ఆమె వచ్చి నాకు ఎదురుగా, గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"జుట్టు ఎప్పుడో పెరిగింది అక్కా. గాని నీ ముందట వీపు చేసి కూసోవాల్నంటె ఇప్పటికి భయమైతది" అంది నవ్వుతూనే.

ఇప్పటికీ పండగకో పబ్బానికో వస్తుంది. కడుపునిండా మాట్లాడుకుంటాం, ఎదురెదురుగా. కోసిన జుట్టు పెరగడానికి రెండు మూడేళ్లు చాలాయి. ఆమె నా వైపు వీపు తిప్పడానికి ఇన్నేళ్లూ చాలలేదు.