నల్ల జుట్టుకి తెల్ల స్టిక్కర్

మాది రేడియం షాపు. కొత్తవలసలో ఎవరిని అడిగినా అలాగే చెప్తారు గానీ లోపలికి వచ్చి చూస్తే రేడియమూ ఉండదు, గీడియమూ ఉండదు. ఒక పాత కంప్యూటరు, ఒక కటింగ్ మిషన్, గోడ పొడుగునా రంగు రంగుల స్టిక్కర్ రోల్సు, వాటి మధ్య నేను. బండి నంబర్లు, ఆటో వెనక అద్దానికి దేవుళ్ళు, పిల్లల పేర్లు, చర్చి వ్యానుకి వాక్యాలు, ఏది కావాలన్నా కోసి అంటిస్తాను. పొద్దస్తమానం మనుషులు వస్తూనే ఉంటారు. అందరితోనూ మాట్లాడతాను. అయినా సాయంత్రం షట్టరు దించేసరికి ఆ రోజు ఎవరితోనూ మాట్లాడనట్టే ఉంటుంది.

నాకు కోపం ఎక్కువని పేరు. నిజమే, కాదనను. వచ్చినవాడు ఫోను తీసి వాట్సాప్ స్టేటస్‌కి తీసిన స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. పైన టైము, బ్యాటరీ, కింద ఎవరో పెట్టిన దండం బొమ్మలు, మధ్యలో గోరంత మొహం. అది అద్దమంతా రావాలంటాడు. ఒళ్ళు మండదా మరి? మిషన్‌కి ఫొటో అర్థం కాదు నాయనా, దానికి గీత కావాలి అని చెప్తాను. బ్లేడు ఎక్కడ బయల్దేరాలో, ఎక్కడ వంపు తిరగాలో, బయల్దేరిన చోటికే మళ్ళీ ఎలా రావాలో మనం గీసి ఇవ్వాలి. గీత కలవకపోతే ముక్క ఊడదు. కంప్యూటరే గీసేస్తుందట కదా అని కొందరు తెలివిగా అడుగుతారు. గీస్తుంది. ఫొటో మీద దుమ్మునీ గీస్తుంది, ఎవరిదో వేలిముద్రనీ గీస్తుంది. అందులో మొహం ఏదో, చెత్త ఏదో తేల్చవలసింది నేనే.

అన్నిటికంటే మొహాలు కోయడం కష్టం. ఫొటోలో నీడ మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. స్టిక్కర్‌లో అలా కుదరదు. నలుపు ఉందా, లేదా, అంతే. జుట్టు, కనుబొమలు, మీసం, ముక్కు పక్క నీడ, పెదవి కింద కొంచెం. ఇవి నల్లగా గీసి మిగతాదంతా వదిలేస్తే తెల్ల బోర్డు మీద మనిషి వచ్చేస్తాడు. మరీ చిన్న చుక్కలుంటే చెరిపెయ్యాలి, లేకపోతే ఏరేటప్పుడు లేచిపోతాయి. ఏరడమంటే కోసిన షీటు మీద అక్కర్లేని స్టిక్కర్ని సూదితో లేపి తీసెయ్యడం. ఒకప్పుడు ఆ పని మా ఆవిడ చేసేది.

గచ్చు మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో షీటు పెట్టుకుని, జాకెట్టుకున్న పిన్నీసు తీసి దానితోనే ఏరేది. నేను కొనుక్కొచ్చిన సూదులు ఆవిడకి ఒక్కటీ నచ్చేది కాదు. షాపు వెనక కిరండూల్ రైలు లైను మీద గూడ్సు వెళ్తుంటే మిషన్ ఆపమనేది, గీత వణుకుతుందని. అలా ఏమీ వణకదని నాకు తెలుసు. ఇప్పటికీ గూడ్సు వస్తే మిషన్ ఆపుతాను. ఏరడం అయ్యాక మొహాన్ని పైకెత్తి వెలుతురుకి పెట్టి చూసి ప్రతిసారీ ఒకటే మాట అనేది.

"మీరు గీసినోళ్ళు ఒక్కలూ నవ్వరేటండీ?"

ఎలా నవ్వుతారు? మొహం కోయించుకోడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా పోయినవాళ్ళ ఫొటోలే తెస్తారు. ఓటరు కార్డులోవి, గ్రూపు ఫొటోలో మూల నుంచి కత్తిరించినవి. అవి నవ్వుతూ తీసుకున్న ఫొటోలు కావు. అలా చెప్తే తను ఒప్పుకునేది కాదు. గీసేవాడు గంటు మొహం పెట్టుకుంటే గీసినవాళ్ళకి నవ్వెక్కడ వస్తుందని తిరిగి నన్నే అనేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకే తను పోయింది. జ్వరమే అనుకున్నాం. అది జ్వరం కాదని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. పిల్లలు లేరు. మళ్ళీ చేసుకోమని పాస్టరుగారి దగ్గర్నుంచి పక్క టైర్ల షాపాయన దాకా అందరూ చెప్పారు. చెప్పీ చెప్పీ వాళ్ళే విసుగొచ్చి మానేశారు.

ఇంట్లో తన ఫొటో ఒకటుంది. చర్చి మెట్ల మీద నవ్వుతూ దిగింది. భోజనం చేసే చోట ఎదురుగా గోడకి పెట్టుకున్నాను. రోజూ దానితో మాట్లాడేవాణ్ణి. కూర ఎలా తగలడిందో, షాపులో ఎవడితో తగువు పడ్డానో, అన్నీ చెప్పేవాణ్ణి. అలా ఏళ్ళు గడిచిపోయాయి. నా తల నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, ముందు పన్ను ఒకటి పోయింది. ఫొటోలో పిల్ల మాత్రం అలాగే ఉంది. ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ తలెత్తి చూస్తే, ఎవరో పరాయి ఇంటి పిల్ల నేను తింటుంటే చూస్తున్నట్టనిపించింది. సిగ్గేసింది. కట్టుకున్న పెళ్ళాం ముందు సిగ్గేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను గానీ లాభం లేకపోయింది. మర్నాడు ఫొటోని పక్క గదిలోకి మార్చేశాను. దానితో భోజనం దగ్గర మాటలు ఆగిపోయాయి.

తను పోయినప్పుడు ఒకసారి ఒంటరివాణ్ణయ్యాను. ఫొటోని పక్క గదికి పంపినప్పుడు రెండోసారి. ఈ రెండోదే నన్ను ఎక్కువ తినేసింది, ఎందుకంటే ఇది ఎవరికీ చెప్పుకోలేను. ఏమని చెప్పను, నా భార్యకి తండ్రి వయసు వాణ్ణయిపోయానని చెప్పనా? ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ కోశాను గానీ తన మొహం మాత్రం కొయ్యలేదు. ఆ ఫొటో కంప్యూటర్లోకీ ఎక్కించి పెట్టుకున్నాను. అప్పుడప్పుడు తెరిచి, ఆ నవ్వు చూసి, మూసేసేవాణ్ణి.

మొన్న వేసవిలో ఒకావిడ వచ్చింది. శృంగవరపుకోట రోడ్డులో పల్లె, సొంత మెట్ట పొలం, కాయగూరలు పండిస్తారు. భర్త పోయి చాలా కాలమైంది. ఇంతకుముందొకసారి ఆయన మొహం నా దగ్గరే చేయించుకుంది, ఇంటి గుమ్మం పక్కన పెట్టుకోడానికి తెల్ల బోర్డు మీద నల్ల స్టిక్కర్‌తో. ఫొటో పెళ్ళినాటిది. ఒత్తైన జుట్టు, గుబురు మీసం. గీత బాగా కుదిరింది. ఈసారి మరిదితో కలిసి కొత్త ఆటోలో వచ్చింది. ఆటో నడిపేది ఆ మరిదే. వెనక అద్దం మీద అన్న మొహం ఉండాలని అతని ముచ్చట. అద్దానికి నల్ల ఫిల్ము వేసి ఉంది కాబట్టి తెల్ల స్టిక్కర్ కొయ్యమన్నాడు.

నల్ల అద్దం మీద తెల్ల స్టిక్కర్ అంటించాలంటే బోర్డుకి గీసిన ఫైలు పనికిరాదు. దాన్ని తిప్పి గీయాలి. నుదురు, చెంపలు, ముక్కు, ఇలా వెలుగు పడ్డ చోట్లు మాత్రమే తెల్లగా కొయ్యాలి. జుట్టూ మీసమూ వదిలేస్తే అద్దం నలుపే వాటికి నలుపవుతుంది. ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఆ రోజు పొద్దుట్నుంచీ కరెంటు వస్తూ పోతూ ఉంది, బయట ఎవడో నంబరు ప్లేటు కోసం హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు, నాకు చిర్రెత్తిపోయి ఉంది. పాత ఫైలే తెరిచి, తెల్ల రోలు ఎక్కించి, కోసేశాను. తెల్ల స్టిక్కర్‌కి వెనక కాగితమూ తెలుపే. ఏరుతున్నంతసేపూ తెలుపు మీద తెలుపు, ఏది ఉంచానో ఏది తీశానో వేళ్ళకి తెలుస్తుంది గానీ కళ్ళకి తెలియదు. ముక్కలు చెదరకుండా పైన టేపు వేసి బయటికి తీసుకొచ్చి, సబ్బు నీళ్ళు చల్లిన అద్దం మీద పెట్టి, బాగా రుద్ది, టేపు లాగాను.

జుట్టు తెలుపు, మీసం తెలుపు, కనుబొమలు తెలుపు, మొహమేమో అద్దం రంగులో నలుపు. పెళ్ళికొడుకుని అంటించబోయి ముసలాణ్ణి అంటించాను. మరిది దగ్గరికొచ్చి చూశాడు. "ఇదేటి, మా అన్న ముసిలోడైపోనాడు" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. తప్పు నాదేనన్నాను. కూర్చోండి, ఇప్పుడే మళ్ళీ గీసి ఇస్తానన్నాను. అంటించింది గీకెయ్యడానికి బ్లేడు తీశాను.

ఆవిడ అద్దానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీయండి బావూ."

అలా వదిలేస్తే బాగోదమ్మా, పోలిక మారిపోయింది అన్నాను. మరిదీ అదే అన్నాడు, నలుగురూ నవ్వుతారని కూడా అన్నాడు. ఆవిడ మా ఇద్దరి మాటా వినిపించుకోలేదు. దగ్గరికి జరిగి ఆ తెల్ల మీసం మీద వేలు పెట్టి చూసింది. తల మీంచి కొంగు జారింది. అప్పుడు చూశాను, ఆవిడ తలలో నల్ల వెంట్రుక వెతుక్కోవాలి.

"పోలికేటి మారలేదు, ఆయనే" అంది. "నా తలకాయ నెరిసిపోనాది. ఆయన మాత్రం కుర్రోడిలాగే ఉండిపోనాడు. గుమ్మంకాడ ఆ బోర్డు కింద కూకుంతే, కొత్తోళ్ళు వచ్చి మీ అబ్బాయేటని అడుగుతన్నారు. ఎంతమందికని సెప్పను? ఇప్పుడు సూడండి, నాకు జోడైనాడు."

చనిపోయిన అన్న వయసుని మరిది ఎప్పుడో దాటేశాడు. అలాంటివాడు అద్దం మీది ముసలాయన ముందు తమ్ముడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆటో స్టార్ట్ చేశాడు. ఆవిడ వెనక సీట్లో, అద్దానికి వీపు ఆనించి కూర్చుంది. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆ తెల్ల మీసం నాకు కనబడుతూనే ఉంది. హారన్ వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. తిట్టకుండా వెళ్ళి అతని నంబరు ప్లేటు పని అందుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్ళకుండా షాపుకి వెళ్ళాను. షట్టరు సగమే ఎత్తి, లోపల కూర్చుని, తన ఫొటో తెరిచాను. ఈసారి మూసెయ్యలేదు. జుట్టు గీశాను, పాపిడి వదిలాను, కనుబొమలు గీశాను. నవ్వితే బుగ్గల మీద పడే సన్న గీతల్ని కంప్యూటరు చెత్త కింద లెక్కగట్టి వదిలేసింది. వాటిని ఒక్కొక్కటే నేనే గీసుకున్నాను. గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఇంకెవరిదైనా అయితే లేచిపోతుందని చెరిపేసేవాణ్ణి. ఉంచాను. తెల్ల రోలు ఎక్కించాను. మిషన్ కోస్తుండగా గూడ్సు వచ్చింది. ఆపి, ఆఖరి పెట్టె వెళ్ళేదాకా ఊరికే కూర్చున్నాను. సూది పక్కనే ఉన్నా పిన్నీసుతో ఏరాను. పుట్టుమచ్చ అనుకున్నట్టే లేచి నా వేలికి అంటుకుంది. దాన్ని అలాగే వేలి మీద ఉంచుకుని ఇంటికి నడిచాను.

భోజనం చేసే చోట మా పెళ్ళినాటి ఇనప బీరువా ఉంది, ముదురు గోధుమ రంగుది. దాని తలుపు తుడిచి అంటించాను. టేపు లాగాను. తెల్ల జుట్టు వచ్చింది, తెల్ల కనుబొమలు వచ్చాయి, నవ్వు గీతలు ముడతల్లా వచ్చాయి. చివరికి వేలి మీదున్న పుట్టుమచ్చ గడ్డం మీద పెట్టి నొక్కాను. పెద్దావిడైపోయింది. పెద్దావిడై నవ్వుతోంది. నిజంగా ఉండుంటే ఇలాగే అయ్యుండేదా? నాకు తెలియదు, తెలిసే దారీ లేదు. అది తలుచుకుని ఏడ్చాను, దాచడమెందుకు. ఇంకొన్నేళ్ళకి నేను ఈ మొహాన్నీ దాటిపోతాను. తెలుపు కంటే ముసలి రంగు నా షాపులో లేదు.

కానీ ఆ మధ్యాహ్నానికి మాత్రం ఇద్దరం ఒక ఈడు వాళ్ళం. కంచంలో అన్నం, బీరకాయ కూర పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఒక ముద్ద తిని తలెత్తాను. సిగ్గెయ్యలేదు.

"ఉప్పు తక్కువైనాది" అన్నాను.

నేనే లేచి ఉప్పు తెచ్చుకున్నాను. కొంచెం కలుపుకుని, మిగతా అన్నం తనకి ఎదురుగానే కూర్చుని తిన్నాను.