భట్టీ ఎక్కిన నీలం పలుకులు

మొన్న మనవరాలు ఫ్రిజ్ మీది అయస్కాంతం ఊడబీకి రాగి చెంబుకు అంటించబోతే అది జారిపడింది. "తాతా, రాగికి అయస్కాంతమంటే పడదా?" అని అడిగింది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, నాకేం తెలుసని తప్పించుకోవచ్చు గానీ, నిజామాబాద్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో సీసాలు కడుగుతూ నేను తెలుసుకున్నదే ఆ సంగతి.

అంతకుముందు బీడీ కార్ఖానాలో చెమ్మ కట్టలను భట్టీ వేడికి ఆరబెట్టేవాణ్ణి. అక్కణ్ణుంచి తప్పించి ఈ నౌకరి ఇప్పించింది, అదే కాలేజీలో పరిశోధన చేస్తూ రోజూ ఎడపల్లి నుంచి బస్సులో వచ్చే మా పెద్దబాపు కూతురు, అక్క.

ఉత్త రాగిని అయస్కాంతం పట్టించుకోదు గానీ, రాగి లవణాల్లో ఒక్కో రాగి పరమాణువు ఒక బుల్లి అయస్కాంతమట. ఎడంగా ఉన్నంతసేపు పెద్ద అయస్కాంతం వైపు మొగ్గుతాయట. మధ్యలో వంతెన పడి రెండు దగ్గరైతే మాత్రం, ఒకే చాట ముందు బీడీలు చుట్టే ఇద్దరు వదినల్లా ఎదురుబొదురు తిరిగి, ఒకదాని బలం ఒకటి తినేస్తాయట. అక్క నెలల తరబడి పెంచిన రాగి లవణపు నీలం పలుకుల్లో, అంటే స్ఫటికాల్లో, నీళ్లు అడ్డం ఉండి వాటిని ఎడంగా ఉంచాయి. కొన్నింటిని నూరి, ఆ పొడిని గొట్టంలో పోసి, త్రాసు నుంచి పెద్ద అయస్కాంతం నడుమ వేలాడదీస్తే, అది లాగిన బలానికి త్రాసు బాగా కిందికి దిగిందని అక్క రాసుకుంది. తన ఎదుట ఇంకోసారి చూపిస్తేనే సంతకం పెడతానన్నారు అక్క పరిశోధన చూసే సారు.

ఆ రోజు ముసురు. మిగిలిన పలుకులను గాలికి ఆరనివ్వమని చెప్పి అక్క వెళ్లింది. చెమ్మ అంటే భట్టీ అని తప్ప ఎరగని నేను వాటిని వేడి పెట్టెలో పెట్టాను. నీళ్లు ఎగిరిపోయి, రాగి పరమాణువులు జతకట్టాయి. రంగు కాస్త మారినా, నూరినందుకేమో అనుకుంది అక్క.

మర్నాడు త్రాసు కదిలీ కదలనట్టు కదిలింది. "మొన్నటి లెక్క నువ్వే అల్లుకున్నవా అమ్మా?" అన్నారు సారు, అందరి ముందర. వేడికి నీళ్లు పోతే ఏమవుతుందో ప్రయోగశాలలో వాళ్లు మాట్లాడుకుంటుంటే విని, జరిగిందేమిటో వారం తిరక్కుండానే తెలుసుకున్నాను. నౌకరి పోతుందని నోరు మూసుకున్నాను. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయి అక్క పరిశోధన వదిలేసింది. నవీపేట్ బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ రిటైరైంది.

మనవరాలి ప్రశ్న విన్న మర్నాడే అక్క ఇంటికి వెళ్లాను. నవ్విస్తే బరువు తగ్గుతుందనుకుని, "అక్కా, అప్పట్ల నీ పొడిని బీడీ కట్ట లెక్క కాల్చింది నేనే" అన్నాను. నవ్వలేదు. "గట్లైతే, మొదలు నేను సూసింది నిజమేనారా?" అంది.

"నిజమే అక్కా."

ఇప్పుడు ఆ కొలతలన్నీ యంత్రమే తీసి అచ్చేసి ఇస్తుందట, ఎవరి కళ్లనూ ఎవరూ అనుమానించే పనిలేదట. ఆ ముచ్చట అక్కకు చెప్పబుద్ధి కాలేదు.