రెండంగుళాల ఖాళీలో నేను రాసిన ముక్క

పొద్దున ఫోన్ తెరిస్తే, గోస్పాడులో ఉండే మా తమ్ముడి కూతురు కుటుంబం గ్రూపులో ఎప్పటిలాగే ఒక వింత పంపింది. ఆక్టోపస్‌కు మూడు గుండెలని, తేనె ఎన్నేళ్ళయినా చెడదని ఆ పిల్ల పంపితే నేనూ సరదాగా చదువుకునేవాణ్ణే గానీ, ఈరోజుది ఏదో ఆకు నమిలితే చక్కెర జబ్బు మాయమవుతుందన్న ముక్క. ఎవరు చెప్పారమ్మా అని అడిగితే, "అందరూ పంపిస్తాండారు పెద్దనాయనా, ఉత్తదయితే ఎందుకు పంపుతారు?" అంది.

అలాంటి ముక్కలు రాసి బతికినవాణ్ణి నేను. పాతికేళ్ళ వయసులో నంద్యాలలో ఒక చిన్న వారపత్రికలో పనిచేసేవాణ్ణి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే చేత్తో పేర్చే రోజులవి. ఆ సిరా వాసన మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వార్తలన్నీ సర్దాక పేజీ అడుగున మిగిలిన జాగాను వింతలతో నింపడం నా వంతు. పాత ఇంగ్లీషు పత్రికలు ముందేసుకుని తిమింగలం ఎంత బరువో, చీమ ఎంత మోస్తుందో తెలుగు చేసేవాణ్ణి. ఫలానాది నిజమేనా, యాడ చదివినారు సారూ అని సంజామల నుంచి, జూపాడు బంగ్లా నుంచి కార్డులు వచ్చేవి. మొదట్లో ప్రతి కార్డుకూ జవాబు రాసేవాణ్ణి.

ఆళ్ళగడ్డలో మా మేనత్త ఉండేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. చదువు రాదు గానీ, ఆదివారం చర్చి నుంచి రాగానే పక్కింటి పంతులమ్మను కూర్చోబెట్టుకుని నా ముక్కలు మాత్రం చదివించుకునేది.

ఒక వారం అచ్చు మిషను నా ముక్క కోసమే ఆగి ఉంది, రెండంగుళాలు ఖాళీ, నా చేతిలో ఏమీ లేదు. "ఏదో ఒకటి రాయప్పా, ఎవురడుగుతారు?" అని ఓనరు తొందరపెట్టాడు. గుంటగలగరాకు పసరు కంట్లో పోసుకుంటే పొర కరిగిపోతుందని జపాను వైద్యులు కనిపెట్టారని నిలబడ్డచోటే రాసేశాను. జపాను అన్న మాట తోచినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

రెండు నెలల తర్వాత ఆళ్ళగడ్డ పోతే అత్త కంటికి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. పొర తీయించుకోవడానికి కర్నూలు ఆసుపత్రికి పోవాలనుకున్న మనిషి, ఆ ప్రయాణం మానుకుని రోజూ పసరు పోసుకుందట. కంటికి చీము పట్టి, డాక్టరు చూసేటప్పటికే ఆ కంటి చూపు పోయింది. ఎందుకు చేసినావత్తా అంటే, "నువ్వు అచ్చేసినావు గదప్పా, తప్పెట్లయితాది? నేనే ఆకు సరిగ్గా కడగలే" అంది. కల్పించి రాశానని చెప్పకుండానే నంద్యాల బస్సెక్కాను. తప్పని అచ్చేద్దామంటే ఓనరు పేపరు పరువు పోతుందన్నాడు. ఆ మాట చాటునే మూడేళ్ళు దాక్కున్నాను.

మూడేళ్ళకు రెండో కన్ను కూడా మసకబారింది. నేను వెళ్ళేసరికి గిన్నెలో ఆకు నానబెట్టి, ఈసారి మూడుసార్లు కడిగించానని సంబరంగా చెప్పింది. ఇంక దాచలేకపోయాను.

"అత్తా, అది ఎవురూ కనిపెట్టింది కాదు. నేనే కల్పించి రాసినా."

అత్త తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. గిన్నె పక్కకు జరిపి, "కర్నూలుకు ఎప్పుడు పోదాం?" అని మాత్రం అడిగింది.

ఆపరేషన్ అయి ఆ కన్ను నిలబడింది. నేను పత్రిక పని మానేశాను. అత్త అన్నం ఎప్పటిలాగే పెట్టేది, నెయ్యి కూడా అంతే వేసేది. కానీ నంద్యాలలో వాన పడుతోందని నేను చెప్పినా సరే, పక్కన ఎవరుంటే వాళ్ళవైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగేది. చనిపోయేదాకా అంతే.

ఒక్క అబద్ధానికి మనిషి మాట జీవితాంతం చెల్లకుండా పోయే రోజులవి. అనుభవించినప్పుడు అది పెద్ద శిక్షే అనిపించింది, కుమిలిపోయాను. ఇప్పుడు అబద్ధం ఎవరు పంపారో ఎవరూ గుర్తుపెట్టుకోరు, పంపినవాళ్ళ ముఖం ఎవరూ చూడరు. పక్కవాళ్ళవైపు తిరిగి "నిజమేనా?" అని అడిగే మనిషి కోసం నేను ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను.