చదవకుండా ఉండలేని కళ్లు

మొన్న అటక సర్దుతుంటే పాత సంచిలోంచి నా కూతురు చేసిన అట్టముక్కలు బయటపడ్డాయి. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదివే రోజుల్లో స్కెచ్ పెన్నులతో రాసుకున్నవి. ‘ఎరుపు’ అనే మాట నీలం సిరాలో, ‘నీలం’ అనే మాట పసుపులో. మాట చదవకూడదు, సిరా రంగు మాత్రం గబగబా చెప్పాలి. ముప్ఫై ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించి రిటైరైన టీచర్ని, ఆనాటిలాగే మూడో అట్టకే తడబడ్డాను. రంగు సంగతి అడిగేలోపే కన్ను మాట చదివేసి కూర్చుంటుంది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఈ పరీక్ష నెగ్గింది మా వదిన ఒక్కతే. ఆమెకు అక్షరం రాదు. అన్న గుండెపోటుతో పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. గోదావరిఖనిలో, బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు నెంబరు చూసి దీపాలు అందించే పని. అంకెలతో గడిచిపోయేది. అట్టలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, “గింత సదివిండ్రు, గిది రాదా మీకు?” అని మమ్మల్నే అడిగింది.

కొన్నాళ్లకు ఎవరో గుమాస్తా ఒక కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. అందులో ఏముందని అడిగితే నవ్వాడు తప్ప చెప్పలేదట. ఆ సాయంత్రమే పలక కొనుక్కుని మా ఇంటికొచ్చింది. డ్యూటీ దిగి షేర్ ఆటోలో వచ్చేసరికి ఆమెకు కాళ్ల నొప్పులు, బడి నుంచి వచ్చిన నాకు గొంతు నొప్పి. ఇద్దరం ఆవలిస్తూనే గుణింతాలు దాటాం. ఒత్తుల దగ్గర ఆమె రెండుసార్లు మానేసింది కూడా. మొత్తానికి ఏడాదిన్నర పట్టింది.

అప్పుడు నా కూతురు మళ్లీ అట్టలు పెట్టింది. నీలం సిరాలో ఉన్న ‘ఎరుపు’ చూసి వదిన “ఎరుపు” అంది. నాలుక కరుచుకుంది. తర్వాతిదీ అంతే. ఉన్నది కూడా పోగొట్టుకున్నానని ఆమె ముఖం చిన్నబుచ్చుకుంటే, “తప్పు చెప్పడమే చదువు వచ్చిందనడానికి గుర్తు అత్తమ్మా, ఇక కళ్లు నిన్ను అడగకుండానే చదువుతాయి” అని నా కూతురు నచ్చజెప్పింది. నేను సంబరంగా పాయసం వండాను.

గిన్నె ముందు పెట్టుకుని వదిన చెంచా తిప్పుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

“పొద్దున లేవంగనే మీ అన్న ఫోటో తుడుత్త గద. ఇన్నేండ్లు ముఖమే కనవడేది. ఇప్పుడు కింద రాసిన ఆయన పోయిన తారీఖు ముందుగాల కనవడ్తాంది. సూడొద్దనుకున్నా కండ్లు సదువుతానయి.”

నేర్పింది నేనే. పాయసం చల్లారిపోయింది.

వదిన కూడా రిటైరైంది. ఫోటో తుడవడం మానలేదు. కాలమే అన్నీ మాన్పుతుందంటారు. ఏటేటా ఆ తారీఖు మాకు మరికాస్త దూరం జరుగుతూనే ఉంది. దాన్ని చదవడానికి మాత్రం ఇప్పటికీ ఒక్క రెప్పపాటే పడుతుంది.