లెక్కల టీచరు ఆసుపత్రి కొలువు

లెక్కల టీచరు గొంతు విప్పితే రెండు వీధుల అవతలి పిల్లలు కూడా చేతులు కట్టుకునేవారని ఆమె అత్తగారు చెబుతుంటారు. అందులో కొంత అతిశయోక్తి ఉంది. వీధి ఒకటే.

ఆమె ఓ ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు పనిచేసింది. ఏడాదంతా పాఠాలు చెప్పడం, వేసవిలో కరపత్రాలు పట్టుకుని "మీ పాపను మా బడిలో చేర్పించండి" అంటూ గడప గడపకూ తిరగడం. ఓ ఏడు ఎంత తిరిగినా పిల్లలు చాలక సెక్షన్లు కలిపేశారు. కరస్పాండెంటుగారు ఆమెను పిలిచి, తుడిచిన కళ్లజోడునే మళ్లీ తుడుస్తూ, "వచ్చే ఏడాది చూద్దామమ్మా" అన్నారు. ఆ మాటకు అర్థం బడిలో అందరికీ తెలుసు.

ఆడపడుచు ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. "బళ్లవాళ్లు మనుషుల్ని తగ్గించుకుంటున్నారు, మావాళ్లు పెంచుకుంటున్నారు. మా రిసెప్షన్‌కి వచ్చెయ్ వదినా" అంది.

"రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయే!"

"రిసెప్షన్‌లో రక్తం కనపడదులే. రక్తం మరిగిపోయేవాళ్లు కనపడతారు, అంతే."

మొదటిరోజే హాలంతా చేపల మార్కెట్‌లా ఉంది. జనమంతా కౌంటరు మీద పడిపోతున్నారు. టీచరమ్మకు ఒళ్లు మండి, బల్ల మీద చరిచి, "సైలెన్స్! ఎవరి చోట్లో వాళ్లు కూర్చోండి!" అంది. హాలు చప్పబడిపోయింది. అటుగా వెళుతున్న ఎముకల డాక్టరు కూడా ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. మూలనున్న పెద్దాయన చెయ్యెత్తి, "బాత్రూముకు వెళ్లిరానా తల్లీ?" అని అడిగాడు.

మేనేజరుకు ఇది నచ్చలేదు. "మేడమ్, వీళ్లు మన కస్టమర్లు. నవ్వుతూ మాట్లాడాలి."

సరేనని ఇంట్లో అద్దం ముందు నవ్వు సాధన చేసింది. అత్తగారు తొంగిచూసి, "పన్ను సలుపుతోందా అమ్మా?" అన్నారు.

ఆ సాధన నవ్వే కొంప ముంచింది. ఒకతని తండ్రి ఆపరేషన్ థియేటరులో ఉన్నాడు. "ఇంకా ఆలస్యమవుతుందండీ" అని అతనికి నవ్వుతూ చెప్పింది. అతను ఆమెవంక అదోలా చూసి, "లోపల మా నాన్నుంటే మీకు నవ్వెలా వస్తోందండీ?" అన్నాడు.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఒక తెల్లకాగితం, పెన్సిలు తీసుకుని, కౌంటరు వెనకనుంచి లేచి వెళ్లి అతని పక్క కుర్చీలో కూర్చుని గళ్లు గీసింది.

"ఇదిగో, ముందు మత్తిస్తారు. ఆ తర్వాత ఆపరేషన్. అదయ్యాక వేరే గదిలో ఉంచి, తెలివి వచ్చాక మిమ్మల్ని పిలుస్తారు. ఇప్పుడు రెండో గడిలో ఉన్నాం. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్" అన్నాడతను. ఆమె టీచరని అతనికెవరూ చెప్పలేదు.

సాయంత్రం తండ్రి కళ్లు తెరిచాడు. ఆ రోజునుంచి హాల్లో ఎవరికి కంగారు పుట్టినా కాగితం, పెన్సిలు బయటికొచ్చేవి. మేనేజరు నవ్వు ఊసెత్తడం మానేశాడు.

మరుసటి వేసవిలో ఒకాయన కుంటుకుంటూ వచ్చాడు. చూస్తే కరస్పాండెంటుగారు!

"ఏమైంది సార్?"

"మోకాలమ్మా. మూడంతస్తులెక్కి దిగేసరికి పట్టేసింది."

"ఈ ఎండలో మీరు మెట్లెక్కడమేంటి సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "అడ్మిషన్ల కోసం. టీచర్లు తలో దిక్కూ పోయారు. కరపత్రాలు నేనే పంచుతున్నా."

పళ్ల బిగువున నవ్వాపుకుని, ఆమె ఆయన్ని తీసుకెళ్లి ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

"మీరు మళ్లీ బడికి రాకూడదూ?" అన్నాడాయన.

మనసు ఒక్కసారి లాగినమాట నిజమే. నల్లబల్ల, సుద్దముక్క, ముందుబెంచీలో గుసగుసలు. కానీ ఎదురుగా ఓ ముసలమ్మ ఎక్స్‌రే గది ఎటో తెలియక దిక్కులు చూస్తోంది.

"నా పిల్లలిక్కడ ఎక్కువైపోయారు సార్" అని చెప్పి, టీచరమ్మ ముసలమ్మ వైపు నడిచింది.

ఆ వేసవి ముగిసేలోగా పాత బడి డ్రాయింగు మాస్టారు మందుల కౌంటరులో చేరారు. డ్రిల్లు మాస్టారు స్ట్రెచర్లు తోసేవాళ్లకు నాయకుడయ్యారు. మధ్యాహ్నం ముగ్గురూ క్యాంటీను మూల బల్లకు చేరి డబ్బాలు విప్పుతారు. ఆ మూలను ఆసుపత్రిలో అందరూ స్టాఫ్‌రూమనే పిలుస్తారు.