ఇమామ్ గారి తెలుగు మేడమ్

జైనాబ్ మొట్టమొదట ఉద్యోగంలో చేరడానికి గుడివాడ దగ్గర ఒక హైస్కూలుకి వెళ్ళినప్పుడు, అక్కడి హెడ్మాస్టరు ఆమె చేతిలో ఉన్న ఉత్తర్వు చూడకుండానే ఓదార్పుగా మాట్లాడాడు.

"మా బళ్ళో ఉర్దూ పోస్టు లేదమ్మా. ఆఫీసు వాళ్ళు ఎక్కడో పొరపాటు పడ్డట్టున్నారు."

"ఉర్దూ కాదండీ, తెలుగు. నేను తెలుగు పండిట్‌ని."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఉత్తర్వు మొత్తం చదివాడు. అయినా అనుమానం తీరలేదు. ఆ మధ్యాహ్నం తొమ్మిదో తరగతి గది బయట నిలబడి, ఆమె సమాసాలు చెప్తుంటే చివరిదాకా విన్నాడు. మరుసటేడు తన కూతుర్ని ఆమె దగ్గరికే ట్యూషన్‌కి పంపాడు.

జైనాబ్ పుట్టింది దివిసీమలో, అవనిగడ్డలో. తండ్రి దర్జీ. వాళ్ళ వీధికి దగ్గర్లో ఉన్నది తెలుగు బడి ఒక్కటే. అందులో సత్యవేణి టీచర్ ఈ పిల్ల మాట స్పష్టతకు ముచ్చటపడి, రోజూ ప్రార్థన తర్వాత వార్తలు ఆమె చేతే చదివించేది. పదో తరగతి కాగానే ఇంట్లో చదువు మాన్పించబోతున్నారని తెలిసి, జాకెట్టు కొలతలిచ్చే వంకతో దర్జీ కొట్టుకొచ్చి గంటసేపు కదలకుండా కూర్చుంది.

"సాయిబు గారూ, ఇలాంటి పిల్ల నాకు పదేళ్ళకొకతి దొరుకుతుంది. మీరు ఇంట్లో కూర్చోబెడితే నేను రోజూ ఇలాగే వచ్చి కూర్చుంటాను."

తండ్రి అప్పటికి కొలతలు మాత్రం రాసుకున్నాడు. నాలుగో రోజు కుట్టిన జాకెట్టుతో పాటు కూతురి కాలేజీ దరఖాస్తు కూడా పట్టుకుని టీచర్ ఇంటికి వెళ్ళాడు.

అలా మొదలైన చదువు జైనాబ్‌ని తెలుగు మేడమ్‌ని చేసింది. గుడివాడ, చల్లపల్లి, చివరికి అందరూ బందరనే మచిలీపట్నం. ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పి, మొన్న వేసవిలో రిటైరైంది. భర్త కరీముల్లా ఆర్టీసీలో కండక్టరుగా చేసి, ఆమె కంటే రెండేళ్ళ ముందే ఇంటిపట్టున కూర్చున్నాడు. పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదవడం ఆయన పని. ఆమెకు మాత్రం ఏమీ తోచేది కాదు. పాలప్యాకెట్టు మీద తప్పులు దిద్దుకుంటూ కూర్చునేది.

ఆ రోజుల్లోనే ఫైసల్ వచ్చాడు. వాళ్ళ పేటలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్న కుర్రాడు, మసీదు కమిటీలో సభ్యుడు, ఒకప్పుడు ఆమె విద్యార్థి. వెంట మసీదు ఇమామ్ మొహసిన్ కూడా ఉన్నాడు. ముప్పై ఏళ్ళు నిండని మనిషి, బీహార్ నుంచి వచ్చి ఏడాదవుతోంది.

"మేడమ్, జుమ్మా రోజు అరబ్బీ ఖుత్బాకి ముందు ఇమామ్ గారు పావుగంట ఉర్దూలో చెప్తారు కదండీ. చాలా గొప్పగా చెప్తారు. కానీ ఆ ఉర్దూ మా కుర్రాళ్ళకి సగం కూడా అందట్లేదు. మనం ఇంట్లో మాట్లాడేది వేరు, ఆయన ఉర్దూ వేరు. వెనక వరసలో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు."

"ఫోన్లు అమ్మింది నువ్వే కదరా" అన్నాడు కరీముల్లా పేపరు దించకుండానే.

మొహసిన్ నవ్వి, చేతులు కట్టుకుని తన అందమైన ఉర్దూలో వచ్చిన పని చెప్పాడు. తనకు తెలుగు నేర్పాలి. ఆ పావుగంటా తెలుగులో చెప్పగలిగితే చాలు.

"ఇప్పటికి ఎన్ని మాటలొచ్చు?" అని అడిగింది జైనాబ్.

ఇమామ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఎంత. వద్దు. చాలు. ఆగండి."

జైనాబ్‌కి ప్రాణం లేచొచ్చింది. మర్నాటి నుంచే వరండాలో పాఠాలు మొదలయ్యాయి. పక్కన కుర్చీలో కరీముల్లా, ఆయన పేపరూ ఎప్పుడూ ఉండేవి. ఇమామ్ చెవి మంచిదే కానీ 'ళ' మాత్రం ఎంతకీ పలికేది కాదు. "పళ్ళు" అనమంటే "పల్లు" అనేవాడు. పుస్తకంతో పని కాదని ఆమె అతన్ని రైతుబజారుకి తోలింది. రోజుకొక కూరగాయ కొనాలి, బేరం తెలుగులోనే ఆడాలి. పదిరోజులు తిరిగేసరికి అక్కడ ఆకుకూరలమ్మే దయామణి అతనికి రెండో గురువైంది. అతను కనపడగానే పక్కన వాళ్ళతో, "పాపం, బీహార్ నుంచి వచ్చాడంట" అని, కొన్నదాని మీద ఓ కరివేపాకు రెమ్మ ఉత్తినే వేసేది.

మూడు నెలలకి ఇమామ్ సిద్ధమయ్యాడు. ఆ శుక్రవారం జైనాబ్ పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా పట్టించుకోకుండా కిటికీ దగ్గర నిలబడి మసీదు మైకు వింటోంది. ప్రసంగం బాగానే సాగింది. చదువు గురించి చెప్పాడు, అబద్ధం గురించి చెప్పాడు. తర్వాత ఆమె నేర్పని మాటొకటి వచ్చింది.

"అల్లాహ్‌కి మన మీద చాలా పాపం ఉంది. మనం కూడా ఇరుగుపొరుగు మీద పాపం చెయ్యాలి. రోజూ చెయ్యాలి."

మైకులో ఎవరో దగ్గు ఆపుకుంటున్నట్టు, చివరికి ఆపుకోలేకపోయినట్టు చప్పుడు. జైనాబ్ కొంగు నోటికడ్డం పెట్టుకుని అక్కడే కింద కూర్చుండిపోయింది.

సాయంత్రం మొహసిన్ తలవంచుకుని వచ్చాడు. "మేడమ్, దయామణి గారు పాపం అని కరివేపాకు ఇచ్చారు. పాపం అంటే రహమ్ కదా అనుకున్నాను."

"మీకు కావలసిన మాట ఆవిడ పేరులోనే ఉందండీ. దయ." జైనాబ్ అతని నోటుపుస్తకంలో ఆ మాట రాసి చూపించింది. "తప్పు మీది కాదు, తెలుగుది. జాలికీ పాపం అంటాం, చేయకూడనిదానికీ పాపం అంటాం."

కానీ మసీదు కమిటీ అధ్యక్షుడు సుభాని దీన్ని నవ్వుతో వదల్లేదు. ఆయన రోల్డ్‌గోల్డ్ నగల వ్యాపారి. మనిషి చెడ్డవాడు కాదు, ఉర్దూ అంటే ప్రాణం. "ఈ ఊళ్ళో మనకి మిగిలిందే ఆ భాష. దాన్ని మసీదులోంచి కూడా పంపేస్తారా?" అని కోపంగా తిరిగాడు. కమిటీ ఎన్నికలు నెలలోనే ఉన్నాయి. చూస్తుండగానే పేటలో తెలుగు పక్షం, ఉర్దూ పక్షం అని రెండు తయారయ్యాయి. వాట్సాప్ గ్రూపు కూడా రెండుగా చీలింది. చివరికి పెద్దలు కలిసి షాదీఖానాలో మీటింగు పెట్టారు. ఆడవాళ్ళని కూడా రమ్మన్నారు.

ఆ ఆదివారం హాలు నిండింది. వార్డులో నిలబడాలనుకుంటున్న రెండు పార్టీల నాయకులు కూడా వచ్చారు. ఏ పక్షం నెగ్గుతుందో తెలియక ఇద్దరూ సరిగ్గా మధ్య వరసలో పక్కపక్కనే కూర్చున్నారు.

ముందు సుభాని లేచాడు. చేతిలో నాలుగు కాగితాలు. మైకు పట్టుకుని ఉర్దూలో చదవడం మొదలుపెట్టాడు. ఎంత బాగుందో. భాష పోతే అమ్మమ్మల కథలు పోతాయన్నాడు, దేవుణ్ణి వేడుకునే దువాలో తడి పోతుందన్నాడు. ఆయన చెప్పేదాంట్లో న్యాయముందని జైనాబ్‌కి కూడా అప్పుడే మనసులో అనిపించింది.

ఇంతలో ఎవరో పెద్ద ఫ్యాను ఇటు తిప్పారు. సుభాని చేతిలోంచి రెండు కాగితాలు ఎగిరి ఆడవాళ్ళ వైపు వచ్చిపడ్డాయి. ఒకటి నేరుగా జైనాబ్ ఒళ్ళో పడింది. తీసి చూసింది. మాటలన్నీ ఉర్దూవే. అక్షరాలు మాత్రం తెలుగు. గుండ్రంగా, తలకట్లు కూడా తప్పకుండా రాసిన తెలుగు.

ఆమె తల ఎత్తేసరికి సుభాని ఎదురుగా నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఆ కాగితం పైకెత్తి చూపిస్తే మీటింగు అక్కడితో అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. జైనాబ్ దాన్ని జాగ్రత్తగా మడిచి ఆయన చేతిలో పెట్టింది. కానీ ముప్పై ఆరేళ్ళ అలవాటు, నోరు ఊరుకోలేదు.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి సుభాని గారూ" అంది మెల్లగా.

ఆమె మెల్లగానే అంది. సుభాని చేతిలో ఉన్న మైకు మాత్రం హాలంతటికీ చెప్పేసింది.

"ఏ అక్షరాలండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

సుభాని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. "తెలుగు అక్షరాలయ్యా! నాకొచ్చినవి అవే మరి!" అని కాగితం తనే ఎత్తి చూపించాడు. హాలంతా గొల్లుమంది. నవ్వు సద్దుమణిగాక ఆయన గొంతు మారింది. "ఉర్దూ మాట్లాడటం మా అమ్మ నేర్పింది. రాయడం ఎవరూ నేర్పలేదు. పరువు పోతుందని ఇన్నేళ్ళూ ఎవరితోనూ చెప్పలేదు."

జైనాబ్ లేచింది. "నాకూ రాదండీ. తెలుగులో ఛందస్సు చెప్పిన దాన్ని, మా అమ్మ మాట్లాడిన భాషలో సంతకం పెట్టలేను. ఇమామ్ గారికి నేను తెలుగు నేర్పుతున్నాను కదా, ఆయన మనకి ఉర్దూ చదవడం, రాయడం నేర్పాలి. జుమ్మాకి తెలుగు, ఆదివారం ఉర్దూ. ఒకటి ఉండాలంటే ఇంకోటి పోనక్కర్లేదు."

"ఫీజెంత?" అన్నాడు కరీముల్లా మగవాళ్ళ వైపు నుంచి.

"మీరు పేపరు కింద పెట్టడమే" అందామె. మళ్ళీ నవ్వులు.

చేతులెత్తమన్నారు. ముందు ఫైసల్, తర్వాత సుభాని, ఆ వెంటనే దాదాపు హాలంతా ఎత్తింది. మధ్య వరసలో నాయకులిద్దరూ అటూ ఇటూ చూసి, ఎందుకైనా మంచిదని రెండేసి చేతులు ఎత్తారు.

మొదటి ఆదివారం క్లాసుకి ఇరవై ఆరుగురు వచ్చారు. సుభాని మనవరాలి పక్కన కూర్చున్నాడు. కమిటీ ఎన్నిక పోటీ లేకుండానే జరిగిపోయింది. ఆయన్నే మళ్ళీ అధ్యక్షుడిగా పెట్టుకున్నారు.

చలికాలం వచ్చేసరికి మొహసిన్ పేరు కిందికి, సముద్రం వైపు ఊళ్ళకి పాకింది. హంసలదీవి దారిలో ఒక చిన్న ఊరి మసీదు వాళ్ళు తెలుగులో చెప్పడానికి రమ్మని కబురంపారు. జైనాబ్, కరీముల్లా కూడా అతనితో బస్సెక్కారు. వినడానికి వచ్చినవాళ్ళు ఎక్కువగా చేపల వేటకి వెళ్ళేవాళ్ళు, కూలిపనుల వాళ్ళు. బయట పందిరి కింద ఆడవాళ్ళు. తల్లిదండ్రుల్ని చూసుకోవడం గురించి అతను అరగంట చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. 'ళ' దగ్గర మాత్రం రెండుసార్లు ఆగి, జైనాబ్ ఎక్కడుందో వెతుక్కున్నాడు.

అయ్యాక ఒక ముసలమ్మ పందిరి గుంజ పట్టుకుని లేచి అతని దగ్గరికొచ్చింది.

"బాగా చెప్పావు నాయనా. ఇన్నాళ్ళకి ఒక్క ముక్క అర్థమైంది. ఏ ఊరు బాబూ మీది?"

"బందరండీ" అన్నాడు మొహసిన్.

"బందర్లో ఎక్కడ? మా చెల్లెలి కూతుర్ని అక్కడే ఇచ్చాం."

అతను వెంటనే కోనేరు సెంటరు నుంచి మొదలుపెట్టి, ఏ సందులో తిరగాలో, ఏ కొట్టు దాటాలో, చేతులు ఊపుతూ చెప్పడం మొదలెట్టాడు. ముసలమ్మ ఆ కొట్టు తనకి తెలుసంది. జైనాబ్ పక్కనే నిలబడి ఒక్క తప్పూ దిద్దకుండా వింటోంది. అవతల రోడ్డు మీద బస్సు హారను కొడుతున్నా ఆ ముగ్గురిలో ఒక్కరూ కదల్లేదు. కరీముల్లాయే పరుగెత్తుకెళ్ళి, "రెండు నిమిషాలు ఆపండి బాబూ, నేనూ కండక్టర్నే" అని ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు.